పంచ్ తల్లి

కారెగాంలో ఎంకవ్వను తలచుకోకుండా చెడుగుడు ఆట ఒక్కటీ ముగిసేది కాదు. తలచుకోవడమంటే ప్రేమతోనో భక్తితోనో అనుకునేరు, అదేం లేదు. ఆటలో తీర్పు చెప్పేవాణ్ని ఆ వైపు పంచ్ అంటారు. ఎంకవ్వ కొడుకు కాశీరాం ఆ ఊరి పంచ్. తీర్పు నచ్చనివాడు పంచ్‌ను తిడతాడు. మగవాణ్ని తిట్టాలంటే వాడి తల్లిని మధ్యలోకి లాగందే మనవాళ్లకు తిట్టు తిట్టినట్టే ఉండదాయె. కాబట్టి తీర్పు తప్పయినా ఒప్పయినా మాట మాత్రం పోయి పోయి ఎంకవ్వకే తగిలేది.

ఆమె అక్కడ లేనప్పుడు అనేవారా అంటే అదీ కాదు. నిక్షేపంగా అక్కడే ఉండేది. మంజీర ఒడ్డున కళ్లాల పక్కన మెత్తటి నేల ఆటజాగా. కాస్త ఎడంగా ఒక తుమ్మచెట్టు. దాని కింద కాళ్లు చాపుకొని, ఒడిలో విచ్చీ విచ్చని పత్తికాయలు పోసుకొని, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో పగలదీసి, దూది లాగి గంపలో వేస్తూ కూర్చునేది. పటేల్ ఇంటి పత్తి అది, కూలికి ఒలిచేది. ఇంట్లో కూర్చుని కూడా ఒలవచ్చు. కానీ ఇంట్లో కూర్చుంటే కొడుకు దస్తి గుడ్డ ఎత్తి తీర్పు చెప్పడం ఎవరు చూస్తారు?

కాశీరాంను ఏ జట్టూ కలుపుకోదు. ఊరి చివరి వాడకట్టు మనిషి. చెడుగుడు అంటే ఒకరి మీద ఒకరు పడి దొర్లే ఆట. అతన్ని పట్టుకున్నవాడు ఇంటికి పోయి తలమీద నీళ్లు పోసుకోవాలి. గీత బయట నిలబడితే మాత్రం ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. అలా నిలబడి చూసీ చూసీ ఆట మొత్తం వాడి కళ్లలోకి, చెవుల్లోకి ఎక్కింది. పాత పంచ్ శివరాం ముసలాయనకు కళ్లు మసకబారినప్పుడు, ఏ జట్టుకూ కానివాడు నువ్వొక్కడివే ఉన్నవురా అని తన ఎర్ర దస్తిని కాశీరాం మీదికి విసిరాడు. అప్పటి నుంచీ వాడు దస్తి ఎత్తితే పటేల్ కొడుకైనా సరే, నోరు మూసుకొని కాకపోయినా, పోయి గీత అవతల కూర్చోవలసిందే. ఊళ్లో ఇంకెక్కడా కాశీరాం ఎత్తిన చేతికి ఆ విలువ లేదు. ఎంకవ్వ చూడ్డానికి వచ్చేది ఆ చేతినే.

ఆరోజు కాముని పున్నమి అయిన మూడోనాడు. కాముడిని కాల్చిన బూడిదనే తట్టతో తెచ్చి కాశీరాం గీతలు పోశాడు. ముందు నడిమి గీత, తర్వాత చుట్టుగీతలు. వంగి, వెనక్కి నడుస్తూ, బూడిదను పిడికిట్లోంచి సన్నగా వదులుతూ పోస్తాడు. ఒక్కచోటా వంకర పోదు. రంగపంచమి నాడు దెగ్లూరు జట్టు బండ్లు కట్టుకొని వస్తుందని, ఊరి పోరగాళ్లు రెండుగా చీలి సాధన చేస్తున్నారు.

దిగంబర్ కూతకు దిగాడు. శంకర్రావు పటేల్ చిన్న కొడుకు. ఇరవై ఏళ్లవాడు, మనిషి సన్నం, కాళ్లు మాత్రం మేకపిల్ల కాళ్లే. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలి వాళ్లలోకి దూసుకుపోయి, ఒకణ్ని భుజం మీద తట్టి, వెనక్కి తిరిగేలోగా అవతలి జట్టులోని మారోతి వాడి మోకాలు పట్టేశాడు. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. దుమ్ము లేచింది. కాశీరాం గీత వెంట పరుగెత్తి, వంగి, చెవి నేలకు ఆనించినంత పని చేశాడు. పంచ్‌కు కళ్లకన్నా చెవులు ముఖ్యం. ఆ పొర్లాటలో కూత ఆగకుండా నడుస్తున్నదా లేదా అన్నదే వినాలి. దిగంబర్ చెయ్యి నడిమి గీతను తాకింది. సరిగ్గా అప్పుడే కాశీరాం లేచి దస్తి ఎత్తాడు.

"దమ్ము తెగింది. సచ్చిండు."

"ఎవని దమ్ము తెగిందిరా?" దిగంబర్ దుమ్ములోంచి లేచి నిలబడ్డాడు. "చెవులల్ల ఏం పెట్టుకున్నవ్, నీ అవ్వను..."

ఆ తర్వాతి మాటలు మనకెందుకు లెండి. నలుగురూ పకపకా నవ్వారు. మారోతికి లాభం కలిగించిన తీర్పే అయినా నవ్విన ఊపులో అతనూ ఇంకో ముక్క కలిపాడు. తుమ్మచెట్టు కింద ఎంకవ్వ వేలికి పత్తికాయ ముల్లు గుచ్చుకుంది. వేలిని నోట్లో పెట్టుకుని కొడుకు వైపు చూసింది.  వాడు దస్తి అట్లాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, కానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే ముందు చెవులే ఎర్రబడేవి.

ఆట ముగిసి అందరూ ఇళ్లకు మళ్లారు. దిగంబర్ తలగుడ్డ దులుపుకుంటూ తిన్నగా తుమ్మచెట్టు దగ్గరికే వచ్చాడు. ముఖంలో కోపం ఆనవాలు కూడా లేదు.

"ఎంకవ్వా, అక్కకు నడుము మస్తు గుంజుతున్నదట. పొద్దుగాల జర జల్ది రమ్మన్నది అమ్మ."

"అట్లనే చిన్నపటేలా."

"మర్చిపోకు మల్ల. నువ్వు రాకుంటే అక్క అన్నం గూడ తినది."

నవ్వి వెళ్లిపోయాడు. ఎంకవ్వ అతని వీపు కనిపించినంత దూరం చూస్తూ కూర్చుంది. ఇంతసేపూ తన పేరు పెట్టి అన్నన్ని మాటలన్న నోరూ, ఎంకవ్వా అని ఇంత మెత్తగా పిలిచిన నోరూ ఒక్కటేనా? ఆమెకు కోపం కూడా సరిగ్గా రాలేదు, విచిత్రం అనిపించింది.

పొయ్యి మీద జొన్నరొట్టె పొంగుతుంటే కాశీరాం గుమ్మంలో కూర్చుని ఉతికిన దస్తిని పిండుతున్నాడు. ఎంకవ్వ రొట్టెను తిరగేసి, అంటీ ముట్టనట్టు అడిగింది.

"కొడుకా, నిజం చెప్పు. ఆ పోరని దమ్ము తెగిందా?"

 కాశీరాం దస్తిని విదిలించి తడికె మీద ఆరేశాడు.

"నాకే అనుమానముండె అవ్వా. దస్తి లేపినంక అనిపించింది, తెగలేదేమో అని. మారోతి రొప్పుతున్న సప్పుడు గావొచ్చు."

"మరి మార్చకపోయినవా?"

"ఎట్ల మారుస్త? వాని నోట్లెకెళ్లి ఆ తిట్టు అచ్చినంక మారిస్తే ఏమంటరు? తిట్టంగనే పంచ్ బెదిరిండు అంటరు. రేపు ప్రతోడు తిట్టి తీర్పు మార్పించుకుంటడు. తిట్టినోని ముంగట తప్పు ఒప్పుకునుడు నాతోని గాదు."

ఎంకవ్వ రొట్టె విరిచి పచ్చిమిరప తొక్కు అంటించి చేతికిచ్చింది. తల్లీకొడుకులు కాసేపు తిన్నారు.

"పున్నమి నాడంటే తిట్టుడు పండుగ," అంది ఆమె. "కాముడు కాలేటప్పుడు నోటి మీద కొట్టుకుంట నేనూ తిట్టిన, ఊరంత తిట్టింది. మంట సల్లారింది, పండుగ అయిపోయింది. వీండ్లకేంది, బూడిదల గూడ పండుగేనా?"

"నువ్వు ఆడికి రాకు అవ్వా."

"ఎందుకు రావద్దు?"

"నువ్వు గాడ కూసుంటవు. వాండ్లు అంటరు. నేను దస్తి పట్టుకొని నిలబడుతా." కాశీరాం రొట్టె కింద పెట్టాడు. "వాండ్ల చేన్ల కోతకు పోవాలె, ఎదురు మాట అనలేను. ఊకోలేను. దెగ్లూరు ఆట ఒక్కటి కానియ్యి. దస్తి శివరాం తాతకు ఇచ్చేస్త. ఎవడన్న పట్టుకోని."

ఎంకవ్వ చెంబు అందుకుంది. నీళ్లు తాగింది. ఇచ్చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. కాశీరాం మళ్లీ గీత బయట, ఉత్త చేతులతో, ఎవరికీ అంటకుండా నిలబడి చూస్తాడు. అదీ లేకపోతే అసలు అటే పోడు. పొద్దున కొడవలి, సాయంత్రం గుమ్మం. ఆమెకు ఆ ఊహే సహించలేదు. తనను వాళ్లు ఏమన్నా అనుకోనీ, కొడుకు భుజం మీద ఆ దస్తి ఉంటే చాలు అనిపించింది. మరుక్షణమే, ఏమన్నా ఎందుకు అనాలి నన్ను, నేనేం చేశాను అని కూడా గట్టిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పటేల్ ఇంటి వెనక వాకిలి తోసుకుని లోపలికి పోయింది. పురిటి కోసం పశువుల కొట్టం పక్క గది ఖాళీ చేసి, పేడతో అలికి పెట్టారు. ఇందుబాయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల, దిగంబర్ అక్క. ఎంకవ్వ ఆముదం వెచ్చబెట్టి, అరచేతులు రెండూ రుద్దుకుని, నడుము దగ్గర మొదలుపెట్టింది. బొటనవేళ్లు వెన్నెముకకు ఇరువైపులా ఆనించి, నెమ్మదిగా కిందికి, మళ్లీ పైకి. ఇందుబాయి కళ్లు మూసుకుంది.

"ఈడనే ఎంకవ్వా, ఈడనే."

"తెలుసు బిడ్డా. పొల్లగాడు కిందికి దిగిండు. ఇయ్యాల రేపట్ల నిన్ను తిప్పలు పెడ్తడు."

అనుసూయాబాయి వేణ్నీళ్ల చెంబు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, అక్కడే కూర్చుంది. పటేల్ భార్య అన్న బింకం ఆమెకు ఈ గది ముందు ఉండదు. తన పురుళ్లన్నీ ఎంకవ్వ చేతిమీదుగానే అయ్యాయి మరి.

"మంచి కబురు ముందు నువ్వే తేవాలె ఎంకవ్వా. మేనమామ చెవిన కబురు వేసినోళ్లు ఏది అడిగితే అది వాడు ఇయ్యాలె, మా ఇంట్ల ఎప్పటి రివాజు అది. ఏం అడుగుతవో ఇప్పుడే ఆలోచించుకో."

"చీర అడుగు ఎంకవ్వా," అంది ఇందుబాయి కళ్లు తెరవకుండానే. "ఆకుపచ్చది, ఎర్ర అంచుది. గిది సూడు ఎట్ల అయిందో."

ఎంకవ్వ తన కొంగు వైపు చూసుకుని నవ్వింది. అతుకుల మీద అతుకు. ఆకుపచ్చ చీర మీద ఆమెకు ఎప్పటి నుంచో మనసు. దెగ్లూరు అంగట్లో ఒకసారి మడత విప్పించి చూసి, మళ్లీ పెట్టించేసింది. ఆ దుకాణదారు ఏమనుకున్నాడో ఏమో.

అంతలో దిగంబర్ వచ్చి గుమ్మానికి అవతలే నిలబడ్డాడు. చేతిలో రెండు మామిడి పిందెలు.

"అక్కా, పుల్లగ అడిగితివి గదా, తెచ్చిన. ఎంకవ్వా, తినొచ్చా ఇవి?"

"ఒక్కటి తినొచ్చు. రెండోది నువ్వు తిను." ఎంకవ్వ చేతులు ఆపకుండానే, ఇక ఉండబట్టలేక అనేసింది. "నిన్న ఆటల నన్ను మస్తు యాది జేసినవు చిన్నపటేలా."

దిగంబర్‌కు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. పాపం, నుదురు ముడివేసి ఆలోచించాడు కూడా.

"నిన్నా? నిన్ను నేనేమన్న ఎంకవ్వా? నిన్నెందుకంట? నేనన్నది పంచ్‌ను."

ఆ మాట అన్న తీరులో కల్లాకపటం లేదు. పిందె ఒకటి కొరుక్కుంటూ వెళ్లిపోయాడు. ఎంకవ్వ చేతులు కాసేపు ఆగాయి. అంటే వాళ్ల లెక్కలో పంచ్ అనేవాడు తల్లి కడుపున పుట్టలేదన్నమాట! తిట్టులో ఉన్న తల్లి ఎవరో, తుమ్మచెట్టు కింద కూర్చున్న ఎంకవ్వ ఎవరో. రెండూ కలిపి చూసే ఆలోచనే ఆ బుర్రల్లోకి రాలేదు. దుర్మార్గమైతే ఎదుర్కోవచ్చు, ఇట్లాంటి తెలివితక్కువను ఏం చెయ్యాలి?

"ఏమైంది ఎంకవ్వా, ఆగినవు?" అంది ఇందుబాయి.

"ఏం లేదు బిడ్డా. నూనె చల్లారింది, మల్ల వెచ్చజేస్త."

రంగపంచమి తెల్లారేసరికి ఇందుబాయికి నొప్పులు మొదలయ్యాయి. కాశీరాం అప్పటికే ఆటజాగాలో గీతలు పోయడానికి పోయాడు. తల్లితో ఏమీ అనలేదు గానీ, ఆరిన దస్తిని ఎప్పుడూ లేనంత శ్రద్ధగా మడతపెట్టి భుజం మీద వేసుకున్నాడు. ఆఖరుసారి వేసుకునేవాడి తీరు అది. ఎంకవ్వకు తెలిసింది. అడగడానికి వ్యవధి లేదు.

గదిలో పొద్దంతా పనే. వెనక నుంచి పట్టుకుని కూర్చోబెట్టడం, నడిపించడం, మళ్లీ కూర్చోబెట్టడం. ఇందుబాయి అరిచింది, ఏడ్చింది, అత్తగారినీ మొగుణ్నీ కలిపి తిట్టింది. ఎంకవ్వ ఆ తిట్లన్నీ విని, తిట్టు బిడ్డా తిట్టు, ఈ గదిల తిట్టినవి ఎవలకు తగులయి అంది. మధ్యాహ్నం ఎండ దిగేవేళకు తల కనిపించింది. కొడవలికొన కాల్చి సిద్ధంగా పెట్టుకుంది. పిల్లవాడు జారి ఆమె అరచేతుల్లోకి వచ్చాడు. ఏడవలేదు. ఎంకవ్వ చిటికెనవేలితో నోరు శుభ్రం చేసి, తలకిందులు చేసి, వీపు మీద తట్టింది. చెవి వాడి ముఖానికి ఆనించి వింది. ఇంకోసారి తట్టింది. వాడు గుక్కపట్టి, ఊరంతా వినేట్టు కూత అందుకున్నాడు.

గుమ్మం అవతల అనుసూయాబాయి కూలబడి ఏడుస్తూ నవ్వింది. బొడ్డు కోసి, తల్లినీ బిడ్డనూ సర్ది, మాయ పూడ్చి, చేతులు బూడిదతో రుద్ది కడుక్కునే దాకా ఎంకవ్వ ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు.

"పో ఎంకవ్వా, పో," అంది అనుసూయాబాయి. "ఆటకాడ ఉన్నడు మేనమామ. చెవిన వెయ్యి. ఏం అడుగుతవో అడుగు, నలుగుట్ల అడుగు, వాడు ఇయ్యకపోతే నేను సూసుకుంట."

మంజీర గట్టు మీద జనం. మోదుగపూల రంగు చల్లుకుని సగంమంది చొక్కాలు నారింజ రంగులో ఉన్నాయి. దెగ్లూరు బండ్ల ఎడ్లు తుమ్మచెట్టు దగ్గర నెమరువేస్తున్నాయి. ఎంకవ్వ ఇంకా కళ్లాల దగ్గర ఉండగానే కేకలు వినిపించాయి. దెగ్లూరు వాడొకడు గీత దాటి పోయాడని కారెగాం వాళ్లు, దాటలేదని కాశీరాం. గీత మీద పాదం గుర్తు లేదు, ఉన్న సంగతి అంతే. ఆమె జనాన్ని తోసుకుని గీత దగ్గరికి వచ్చేసరికి దిగంబర్ చేతులు ఊపుతూ కాశీరాం ముఖం మీదికి పోతున్నాడు.

"మనూరోనివి అయ్యి వాండ్లకు చెప్తవురా? నీ అవ్వ..."

"ఆఁ, అచ్చిన," అంది ఎంకవ్వ.

గీత దాటి లోపలికి వచ్చేసింది. ఆడమనిషి ఆటగీతలో అడుగు పెట్టడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చీర మోకాళ్ల దాకా తడి, చేతులకు ఇంకా ఆముదం వాసన. నడిమి గీత మీద వచ్చి నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని దిగంబర్‌ను చూసింది.

"పిలిచినవు గదా చిన్నపటేలా, అచ్చిన. ఏంది పని?"

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. దిగంబర్ తడబడ్డాడు.

"నిన్ను... నిన్ను గాదు ఎంకవ్వా. నేను పంచ్‌ను..."

"పంచ్‌కు ఇంకో అవ్వ ఉన్నదా? నాకు చెప్పకపోతిరి." ఆమె గొంతులో కోపం లేదు, అదే అందరికీ ఎక్కువగా తగిలింది. "వీన్ని కన్నది నేను. నువ్వు అన్నన్ని మాటలు నాయే. గందుకే అడుగుతున్న, ఏం పని? లేకుంటే లేదని చెప్పు. నాకు వేరే పనున్నది, నీకు కబురు తెచ్చిన."

"కబురా?" దిగంబర్ ముఖం పాలిపోయింది. "అక్క..."

"అక్క మంచిగున్నది. మేనమామవైనవు పో. మొగపిల్లగాడు. వాని దమ్ము నీకన్న గట్టిది."

 ఒకటే గోల. మారోతి దిగంబర్ వీపు మీద చరిచాడు. ఇంకొకడు మోదుగరంగు తలమీద కుమ్మరించాడు. దెగ్లూరు వాళ్లు కూడా కేకలేశారు, శుభవార్తకు జట్టేమిటి? దిగంబర్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో రంగులో తెలియలేదు. తుమ్మచెట్టు కింది నుంచి శివరాం ముసలాయన కర్రతో నేల కొట్టి అరిచాడు.

"ఎంకవ్వా, రివాజు మర్వకు! మేనమామను అడుగు!"

"అడుగు ఎంకవ్వా, అడుగు!" అందరూ అందుకున్నారు. "చీర అడుగు! మేక అడుగు!"

దిగంబర్ రంగు తుడుచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "అడుగు ఎంకవ్వా. ఏదంటే అది."

ఎంకవ్వ కళ్ల ముందు ఆకుపచ్చ చీర ఒకసారి మడత విప్పుకుంది. ఎర్ర అంచు కూడా కనిపించింది. ఆ పక్కనే, గీత బయట, కాశీరాం నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రగా.

"ఈ గీతలల్ల నా ముచ్చట రావద్దు," అంది. "తీర్పు తప్పనిపిస్తే తప్పు అను. వాన్ని అడుగు, గుంజులాడు, రేపు పొద్దు దాక కొట్లాడు. నన్ను మాత్రం నా ఇంట్ల ఉండనియ్యి. గంతే."

ఎవరూ నవ్వలేదు. దిగంబర్ ఏదో అనబోయి, ఆమె చేతుల వైపు చూశాడు. గంట కింద తన మేనల్లుణ్ని పట్టుకున్న చేతులవి. ఇరవై ఏళ్ల కింద తననూ పట్టుకున్నవి. వాడికి ఆ లెక్క తట్టిందో లేదో గానీ తల మాత్రం వంగింది.

"నువ్వు చీర అడుగుతవనుకున్న ఎంకవ్వా."

"చీర మీ అమ్మ ఇస్తది తియ్యి. ఇది నువ్వే ఇయ్యాలె."

"ఇచ్చిన," అన్నాడు దిగంబర్.

ఆమె గీత దాటి పోయి తుమ్మచెట్టు కింద శివరాం పక్కన కూర్చుంది.  ఆట మళ్లీ మొదలైంది. కాశీరాం తల్లి వైపు చూడలేదు, కానీ చెరిగిన గీతను పిడికెడు బూడిదతో సరిచేసి మరీ దస్తి ఊపాడు.

ఆట హోరాహోరీగా నడిచింది. పొద్దు వాలేవేళకు కారెగాం వైపు ముగ్గురే మిగిలారు, దెగ్లూరు వైపు ఐదుగురు. దిగంబర్ కూతకు దిగాడు. ఇద్దరి మధ్యలోంచి పాములా జారి, ఒకణ్ని తాకి వెనుదిరిగేసరికి నలుగురు మీద పడ్డారు. దుమ్ములో ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. కూత మాత్రం సన్నగా వినిపిస్తూనే ఉంది. నడిమి గీతకు జానెడు దూరంలో మనుషుల కుప్ప ఆగింది. కాశీరాం ఆ పక్క నుంచి చుట్టి వచ్చేసరికి ఆలస్యమైంది. చెయ్యి గీతను చేరలేదనిపించింది. దస్తి దెగ్లూరు వైపు ఎత్తాడు.

"సచ్చిండు."

ఎంకవ్వ పళ్లు బిగబట్టింది. ఆమె కూర్చున్న చోటు నుంచి వేళ్లు స్పష్టంగా కనిపించాయి. గీతను తాకాయవి. కొడుకు తప్పు చెప్పాడు.

దిగంబర్ లేచాడు. మోచేతి దగ్గర చర్మం లేచిపోయి రక్తం. నోరు తెరిచాడు. ఊరు ఊరంతా ఆ నోటి వైపే చూసింది. మాట నాలుక చివరిదాకా వచ్చిందని ముఖమే చెబుతోంది. తుమ్మచెట్టు వైపు ఒకసారి చూశాడు. తెరిచిన నోరు మూసి, గుటక వేసి, మళ్లీ తెరిచాడు.

"పంచ్, నా వేళ్లు తాకినయి. జర సూడు."

అంతే అని, పోయి గీత అవతల చచ్చినవాళ్ల వరసలో కూర్చున్నాడు.

కాశీరాం దస్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. ఏ తిట్టూ రాలేదు. ఎదురు నిలబడడానికి అవతల ఏమీ లేదు. మెల్లగా చెయ్యి దించాడు. నడిమి గీత దగ్గరికి నడిచి వంగాడు. ఇంకా వంగి, మోకాలి మీద కూర్చున్నాడు. తాను సరిగ్గా పోసిన బూడిద గీత మీద నాలుగు వేళ్ల చారలు, ఇవతలికి లాగినట్టు. చాలాసేపు చూశాడు. లేచినప్పుడు వాడి ముఖంలో జంకు లేదు, పైగా ఏదో బరువు దిగినట్టుంది.

"నాదే తప్పు," అన్నాడు గట్టిగా, గట్టు మీది వాళ్లకు కూడా వినపడేలా. "నేనటు దిక్కున్న, సూడలే. చిన్నపటేల్ బతికిండు. పట్టుకున్న నలుగురు, తాకినోడు, బయటికి."

దెగ్లూరు జట్టు మొత్తం అయిపోయిందన్నమాట. కారెగాం వాళ్లు కేక పెట్టబోయి కాశీరాంను చూసి ఆగారు. పంచ్ తన తీర్పు తానే తిప్పుకోవడం ఆ గట్టు మీద ఎన్నడూ జరగలేదు. దెగ్లూరు జట్టులోని ఒక పొడుగాటివాడికి ఒళ్లు మండింది. ఇచ్చిన ఆటను వెనక్కి గుంజుకుంటే ఎవరికి మండదు? చెయ్యి విసురుతూ కాశీరాం మీదికి వచ్చి మరాఠీలో అదే తల్లి తిట్టు అందుకున్నాడు.

"ఏ పంచ్! తుఝ్యా ఆయీ..."

"ఆగు భావూ." దిగంబర్ అప్పటికే లేచి మధ్యకు వచ్చాడు. రక్తం కారుతున్న మోచెయ్యిని ఎత్తి, ఎంతో మర్యాదగా, బంధువుల ఇల్లు చూపించినట్టు తుమ్మచెట్టు వైపు చూపించాడు. మరాఠీలోనే అన్నాడు. "పంచ్ తల్లి అగో, ఆ చెట్టు కింద కూర్చుంది. ఎంకవ్వ అంటారు. ఆమెతో ఏదన్నా పనుంటే పోయి ఆమెకే చెప్పు. ఇక్కడ పంచ్‌తో మాత్రం ఆట సంగతి మాట్లాడు."

పొడుగాటివాడు అటు చూశాడు. అతుకుల చీర కట్టుకున్న ముసలామె, నుదుట చెమట, చేతులు ఒడిలో పెట్టుకుని అతన్నే చూస్తోంది. వాడికి ఏం చెయ్యాలో తోచలేదు. ఎత్తిన చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియక, చివరికి ఇంకో చేతితో కలిపి ఆమెకో నమస్కారం పెట్టాడు.

ఎంకవ్వ నవ్వింది. "నాతోని పనేం లేదట," అంది పక్కనున్న శివరాంతో. తర్వాత చెయ్యి ఊపి కేకేసింది. "ఆడుకోండ్రి బిడ్డా! ఇంకో ఆటకు పొద్దున్నది!"

నవ్వులు లేచాయి. దెగ్లూరు వాళ్లు గొణుక్కుంటూనే రెండో ఆటకు బరిలో నిలబడ్డారు. శివరాం మసక కళ్లు చికిలించి ఆటజాగా వైపు తల తిప్పాడు.

"ఎంకవ్వా, కాశిగాడు దస్తి నాకిస్తనన్నడు పొద్దుగాల. ఏది, తెస్తున్నడా?"

ఎంకవ్వ చూసింది. కాశీరాం తట్ట చంకన పెట్టుకుని, వంగి, వెనక్కి నడుస్తూ, నాలుగు వేళ్ల చారల మీద కొత్తగా బూడిద పోస్తున్నాడు. దస్తి భుజం మీద ఉంది. జారిపోతుంటే ఆపి, కొస తీసి నడుముకు గట్టిగా ముడివేసుకున్నాడు.

"తెచ్చేటట్టు లేడు పెద్దయ్యా," అంది ఎంకవ్వ. "నా పక్కన కూసుంటిరి గదా, మీరు ఇంటికి పోయి తానం చేసి పండుకోండ్రి."